మోటారు రాట్నానికి పెట్టిన బొట్టు

ఎమ్మిగనూరు,
సోమవారం.

ఆదోని సబ్ కలెక్టర్ గారి సముఖమునకు,
ఎమ్మిగనూరు చేనేత వీధిలో కాపురముండే గృహిణి సుమతి, భర్త పేరు జగదీష్, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఫోన్‌లో కొన్న మోటారు రాట్నం పనికిరాదని వాపసు ఇస్తే తీసుకోకపోవడం, దాని వాయిదాల కోసం వచ్చినవాళ్ళు చెప్పులతో మా మగ్గం గుంటలో దిగడం, మమ్మల్ని నూలు దొంగలని వీధిలో అరవడం, అరిచిన ఆ మాటను అదే వీధిలో వెనక్కు తీసుకునేట్టు చేయమని కోరడం గురించి.

విషయం పొడుగైంది. కుదించి రాస్తే ఇది బాకీ తగాదా అనుకొని వేరే బల్లకు పంపుతారేమోనని పూర్తిగా రాశాను. వివరాలు వరుసగా మనవి చేసుకొంటున్నాను.

1. మాది మగ్గం ఇల్లు. నా భర్త నేస్తారు. మా అత్త హనుమమ్మ రాట్నం మీద కండెలు చుడుతుంది. కండెలంటే మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే చిన్న పుల్లలు. వాటికి నూలు చుట్టనిదే మగ్గం ఆడదు. వంట, పడుగు అతకడం, ఇంటి జమాఖర్చు నా పని. పోయిన ఏడు నుంచి అత్తకు కుడి భుజం లేవడం లేదు. తల దువ్వుకోవడానికి కూడా నన్ను పిలుస్తుంది గానీ, రాట్నం తిప్పడం మాత్రం మానదు. అందుకని ఒక అంగడి యాప్‌లో మోటారు రాట్నం చూశాను. బొమ్మలో మా కండెలాంటి దానికే నూలు చుడుతున్నట్టు ఉంది. మొత్తం ఒకేసారి కట్టలేము గనుక "ఇప్పుడు కొనండి, తర్వాత కట్టండి" అన్న చోట నొక్కాను. పన్నెండు వాయిదాలు. కంపెనీల పేర్లు, బిల్లు, ఫోన్ నంబర్లు జతపరిచిన కాగితంలో ఉన్నవి. లెక్క నా దగ్గర పైసాతో సహా ఉంది. అడిగితే చూపుతాను. అయితే ఈ అర్జీ లెక్క గురించి కాదు.

2. ఆ వస్తువు అమావాస్య ముందు వచ్చింది. మగ్గం ఇంటికి కొత్త పనిముట్టు వస్తే నేరుగా పనికి పెట్టే అలవాటు మాకు లేదు. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మగ్గం పక్కన ఉంచి, మంచి రోజు చూసి మొదలుపెడతాము. నాడె కొన్నా అంతే, గోడకు కొట్టే మేకు కొన్నా అంతే. మా మామ బతికున్నప్పుడు కొత్త సెల్‌ఫోన్‌కు బొట్టు పెట్టి, మాట వినిపించే చోట కుంకుమ పడి, మరుసటి రోజే అంగడికి తీసుకుపోవలసి వచ్చింది. పైగా అమావాస్యకు మా ఇళ్ళలో మగ్గం ఆడదు. కనుక అమావాస్య దాటిన తర్వాతనే మోటారు రాట్నం తిప్పి చూశాము.

దాని కదురు లావు. మా కండె దానికి ఎక్కదు. బలవంతంగా ఎక్కిస్తే పగిలింది. అది కుట్టుమిషన్ల దారం చుట్టేదట.

వాపసు కోరితే ఒక మనిషి వచ్చి, ఫోటోలు తీసి, ఏమీ తీసుకోకుండా పోయాడు. మరునాడు "వాడిన వస్తువు, మరకలు ఉన్నవి, వాపసు కుదరదు" అని ఫోన్‌కు వచ్చింది. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి పలికింది.

"మేడమ్, ప్రొడక్ట్ మీద ఎర్ర మరకలు, పసుపు మరకలు ఉన్నాయి."

"అవి మరకలు కాదమ్మా. బొట్టు పెట్టినాము."

"ఎందుకు పెట్టారు మేడమ్?"

"ఇంటికి వచ్చింది గదా, అందుకు."

ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "మా ఇంట్లో కూడా పెడతారు మేడమ్. కానీ ఇక్కడ దానికి ఆప్షన్ లేదు" అన్నది. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు.

ముందు తిప్పి చూసి, ఆ తర్వాత బొట్టు పెట్టి ఉండవలసిందని నా భర్త అన్నారు. ఇకముందు కూడా మా ఇంట్లో ముందు బొట్టే పెడతామని నేను చెప్పాను. తమకూ అదే మనవి చేస్తున్నాను. కుదరని వస్తువు పంపడం తప్పు అవుతుంది గానీ, వచ్చినదాన్ని మర్యాదగా లోపలికి పిలవడం తప్పు కాదు.

3. వస్తువు వెనక్కు తీసుకోనంతవరకు వాయిదాలు కట్టనని అప్పు ఇచ్చిన కంపెనీకి రాసి ఆపేశాను. అంతకుముందు రెండు కట్టి ఉన్నాను. అమ్మినవాడు వేరు, అప్పు ఇచ్చినవాడు వేరు, వాడితో తగాదాకు మాకు సంబంధం లేదన్నారు. నేను కొన్నప్పుడు ఒకే బొత్తాం నొక్కాను. రెండు కంపెనీలు ఆ ఒక్క బొత్తాం కింద కలిసే కూర్చున్నవి. డబ్బు అడిగేటప్పుడు మాత్రం వేరు కాపురాలు పెట్టినవి.

4. ఆ తర్వాత ఫోన్లు మొదలైనవి. వాళ్ళన్న మాటలు ఇక్కడ రాయను. ఈ కాగితం నా డబ్బుతో కొన్నది. వాళ్ళ నోటికి నేనెందుకు ఖర్చు పెట్టాలి? రికార్డు చేసినవి ఉన్నవి, తమరు ఒంటరిగా ఉన్నప్పుడు వినవచ్చును.

నాతో ఆగి ఉంటే ఓర్చుకొనేదాన్ని. నా ఫోన్‌లో ఎవరి పేర్లున్నవో వాళ్ళందరికీ చేశారు. యాప్ వేసుకొన్నప్పుడు అనుమతి ఇచ్చారు గదా అన్నారు. పిండి మిల్లుకు చేశారు. పూలమ్మే ఆమెకు చేశారు. గ్యాస్ బండ తెచ్చే అతనికి చేసి సుమతి మోసగత్తె అంటే, అతను "ఆయమ్మ చిల్లర గూడా రెండు తూర్లు ఎంచి ఇస్తాది. నీకు ఇయ్యలేదంటే నీ తావే ఏదో ఉండాది" అని పెట్టేశాడట. చనిపోయిన మా పెద్దత్త నంబరుకు కూడా చేశారు. ఆ నంబరు ఇప్పుడు నందవరంలో ఎవరి దగ్గరో ఉంది. ఆ మనిషెవరో నాకు ఫోన్ చేసి, "అక్కా, నువ్వెవరో నాకు తెల్దు గానీ, నేనైతే వాళ్ళను బాగా తిట్టినా" అన్నాడు. వారికి నా కృతజ్ఞతలు.

5. పోయిన బుధవారం పొద్దున, నా భర్త మగ్గంలో కూర్చున్న వేళకు ఇద్దరు మోటారుసైకిల్ మీద వచ్చారు. లోపలికి వచ్చినవాడు తన పేరు బజారి అని, కంపెనీ తరఫున వసూలుకు వచ్చానని చెప్పాడు. రెండోవాడు బండి దిగకుండా వీడియో తీస్తూ కూర్చున్నాడు. నా భర్త మెత్తని మనిషి, ఇంటికి ఎవరొచ్చినా ముందు లేచి నిలబడతారు. ఆయన లేవగానే బజారి ఆయన కూర్చునే పలక మీద కూర్చొని, చెప్పులతోనే కాళ్ళు గుంటలోకి దించాడు.

తమరు గుంట మగ్గం చూశారో లేదో తెలియదు. నేసేవాడు నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి, అడుగున ఉన్న కర్రలు తొక్కుతూ నేస్తాడు. పొద్దున దిగే ముందు పలకను తాకి కళ్ళకు అద్దుకొంటాడు. మా వీధిలో అప్పుడే నడక నేర్చిన పిల్లలు కూడా ఆ గుంటలోకి చెప్పులతో దిగరు.

"మగ్గం బాగుందే. ఈ చీర ఎంత పలుకుతాది?" అన్నాడు బజారి.

"అది మాది కాదప్పా, సావుకారిది. కాళ్ళు తియ్యి" అన్నారు నా భర్త.

"మరి మీది ఏముండాదో సెప్పు. అదే పట్టుకొని పోతా."

మా అత్త మూలనున్న మోటారు రాట్నాన్ని ఎడమ చేత్తో ఈడ్చుకొచ్చి అతని ముందు పెట్టింది. "ఇదో, ఇదే నీది. పట్టుకొని పో నాయనా, పున్యం ఉంటాది."

"ఏం ముసల్దానా, నేను పాత సామాన్లోడి మాదిరి కనపడతాండానా?"

"పాత సామాన్లోడు మేలు. వాకిట్లోనే నిలబడి అరుస్తాడు, లోపలికి రాడు."

నేను అతని గుర్తింపు కార్డు అడిగాను. "నా మొగమే కార్డు" అన్నాడు. "అట్లయితే ఒక జిరాక్స్ ఇచ్చి పో, అర్జీకి జతపరుస్తా" అన్నాను. ఎదురింటి లింగమ్మ గడపలో నిలబడి ఇదంతా చూస్తోంది, ఆమె పైకే నవ్వింది. ఆ నవ్వే అతనికి తగిలిందనుకొంటాను. లేచి వీధిలోకి పోయి, రెండు చేతులు ఎత్తి అరిచాడు.

"సూడండప్పా ఈళ్ళను! కంపెనీ సొమ్ము తిన్నోళ్ళు సావుకారి నూలు తినకుండా ఉంటారా? నూలు దొంగలు! నూలు దొంగల కొంప ఇది!"

మా వీధిలో అన్ని మగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగింది.

అయ్యా, బాకీదారులు అని అరిచి ఉంటే మా వీధిలో సగం మంది తమనే పిలిచారనుకొని బయటికి వచ్చి ఉండేవారు. బాకీ మాకు సిగ్గు కాదు. వట్టి దొంగ అన్నా పోనిద్దును. నూలు దొంగ అనడం వేరు. మాకు పట్టు, జరీ సావుకారు ఇస్తాడు. పట్టయినా మా వీధిలో నూలనే అంటాము. రసీదు ఉండదు, ప్రామిసరీ నోటు ఉండదు. మా ఇల్లు అమ్మినా రానంత సరుకు ఒక సంచిలో పెట్టి, వీధి వెంబడి నడిచొచ్చి, గడపలో పెట్టి పోతాడు. నేసి చీర ఇస్తే కూలి ఇస్తాడు. ఎమ్మిగనూరులో నూలు దొంగ అన్న పేరు పడిన ఇంటికి రెండో మనిషి నూలు ఇవ్వడు.

6. బజారి అంతటితో ఆగలేదు. మాకు నూలు ఇచ్చే సావుకారు మద్దయ్య గారి నంబరు కూడా నా ఫోన్‌లోనిదే. ఆయనకు ఫోన్ చేసి, మేము ఆయన పట్టును బయట అమ్ముకొంటున్నామని చెప్పాడు. అదే రోజు సాయంకాలం మద్దయ్య గారు తక్కెడతో వచ్చారు.

"సుమతమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఒక తూరి తూకం వేసుకుందాం."

మా మామ కాలం నుంచి ఆయన మా ఇంటికి తక్కెడ తేలేదు. చుట్టిన కండెలు, చుట్టనివి, పోగులు తెగి మిగిలిన చిక్కు కూడా నేను తెచ్చి పెట్టాను. అత్త ఎడమ చేత్తో కండెలు ఒక్కొక్కటీ అందించింది. తూకం సరిపోయింది. సరిపోతుందని ఆయనకూ తెలుసు. తక్కెడ సంచిలో పెట్టుకొంటూ ఆయన తల ఎత్తలేదు.

"నాకు నమ్మకమేనమ్మా. అయితే నాకు పట్టు ఇచ్చేటోళ్ళకు గూడా ఆ మాట పాకింది. వాళ్ళూ నమ్మాల గదా. ఈ పడుగు కానీ, ఆమీద చూద్దాం."

"చూద్దాం" అంటే మా వృత్తిలో ఏమిటో తమకు చెప్పాలి. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు పూర్తిగా కోసివేయము. కొసలు కొంచెం మిగిల్చి, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును పాత కొసకు అతుకుతాము. ఆ అతుకు పని నాది. అట్లా ఒక చీర నుంచి ఇంకో చీరకు పోగు తెగకుండా సాగుతుంది. మా మామ కూర్చున్న మొదటి పడుగు నుంచి ఈనాటి వరకు మా మగ్గం మీద పోగు తెగలేదు. కరోనాలో పని లేనప్పుడు కూడా కొసలకు గుడ్డ కప్పి కాపాడుకొన్నాము, ఎందుకంటే మళ్ళీ నూలు వస్తుందని తెలుసు. ఇప్పుడు ఈ పడుగు అయిపోతే ఆ కొసలకు అతకడానికి ఏమీ రాదు. అరిచినవాడు బండి ఎక్కి పోయాడు. మా ఇంటి కూడు మగ్గం మీద మిగిలిన ఆ కొంచెం పడుగు మీద నిలబడి ఉంది.

7. ఇది జరిగిన తర్వాత కంపెనీవారు ఒక మంచి మాట చెప్పారు. సగం కడితే మొత్తం మూసేస్తారట, దానిని సెటిల్‌మెంట్ అంటారట. నా భర్త కట్టేద్దామన్నారు.

"పీడ పోతాది సుమతీ. ఎవరి తావన్నా చేబదులు అడుగుతా."

నేను జవాబు చెప్పేలోగా మా అత్త అందుకొంది. "సగం కట్టితే సగం దొంగలమైతాము రా. మిగతా సగానికి యాడ పోయి ప్రమాణం చేస్తావు?"

ఆమె ఆ మాట అనకపోతే నేను అనేదాన్ని. ఇంత బాగా వచ్చేది కాదు. కనుక సెటిల్‌మెంట్‌కు నేను ఒప్పుకోలేదు, ఇకపై ఒప్పుకోను. భుజం కోసం తెచ్చిన వస్తువు గనుక తప్పంతా తనదేనని అత్త మొదట్లో ఏడ్చింది. ఇప్పుడు ఏడవడం లేదు. రోజూ దాని మీద దుమ్ము తుడిచి, బొట్టు చెరగకుండా చూస్తోంది. వాపసు పోయేటప్పుడు బొట్టుతోనే పోవాలంటుంది.

8. తమ వద్దకు నేరుగా రాలేదు. కన్స్యూమర్ నంబరుకు చెప్పి ఫిర్యాదు సంఖ్య తీసుకొన్నాను. జతపరిచాను. ఇంకొక ఆఫీసుకు కూడా పోయాను. ఏ ఆఫీసో రాయను, అక్కడ మళ్ళీ పని పడవచ్చును. "బాకీ ఉందా లేదా అమ్మా?" అని అడిగారు. తగాదాలో ఉందన్నాను. "ఉన్నట్టే గదా" అన్నారు. బాకీ ఉంటే మగ్గంలో చెప్పులతో దిగవచ్చునా అని అడిగాను. "అది సెక్షన్‌లో రాదమ్మా" అన్నారు. అందుకని ఆదోని బస్సు ఎక్కుతున్నాను.

కావున తమరిని కోరేది ఏమనగా:

బాకీ మాఫీ చేయమని నేను అడగడం లేదు. ఎవరి దయ మీదా నాకు ఒక్క వాయిదా తగ్గనవసరం లేదు. అమ్మిన కంపెనీని, అప్పు ఇచ్చిన కంపెనీని ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి, ఆ వస్తువు మా కండెకు ఎక్కుతుందేమో వాళ్ళ చేతులతో ఎక్కించి చూపమనండి. కండె నేను తెస్తాను. ఎక్కితే మిగిలిన పది వాయిదాలు అక్కడే కడతాను. ఎక్కకపోతే నేను కట్టిన రెండూ ఇచ్చి, వస్తువు పట్టుకుపోవాలి.

రెండవది, ఇదే అసలు కోరిక. బజారి అనే ఆ మనిషి మా వీధికి రావాలి. క్షమాపణ కాగితం నాకు వద్దు. మా వీధిలో నూలు మీద కాగితం నడవదు, మాటే నడుస్తుంది. ఎక్కడ నిలబడి అరిచాడో అక్కడే నిలబడి, ఎంత గొంతుతో అరిచాడో అంత గొంతుతోనే, ఈ ఇంట్లో నూలు దొంగలు లేరని చెప్పాలి. ఆ తర్వాత మద్దయ్య గారి గడపకు పోయి అదే చెప్పాలి. మగ్గాలు ఆడే వేళకు రావాలి. అన్నీ ఆగితేనే మాట వినిపిస్తుంది. ఆపే బాధ్యత లింగమ్మ తీసుకొంది.

వసూలుకు ఎవరు ఎప్పుడు రావాలో, ఎవరికి ఫోన్ చేయకూడదో నియమాలు ఉన్నవట. ఆ నియమాలు తమకు తెలుసు. మగ్గం ఇంట్లో చెప్పులు ఎక్కడ విడవాలో నాకు తెలుసు. ఇద్దరం కలిస్తే పని అవుతుంది.

త్వరగా చేయమని వేడుకోవడం అర్జీలో మామూలు. నేను కారణం కూడా చెబుతాను. ఈ నాలుగు రోజులుగా నా భర్త చాలా నెమ్మదిగా నేస్తున్నారు. ఒక పోగు వేసి, కొట్టి, ఊరికే చూస్తూ కూర్చొంటున్నారు. ఒంట్లో బాగాలేదేమోనని మొదట అనుకొన్నాను. తర్వాత అర్థమైంది. పడుగు అయిపోకుండా ఉండాలని అట్లా నేస్తున్నారు. చెయ్యి తిరిగిన మనిషి చేతగానివాడి మాదిరి నేయడం పక్క గదిలోంచి వినడం ఎట్లా ఉంటుందో రాయడానికి నాకు ఆఫీసు భాషలో మాట దొరకలేదు.

పై సంగతులు చిత్తగించవలెను. చిత్తగించడం అంటే మూలన సంతకం పెట్టి కిందికి పంపడం కాదని తమవంటివారికి నేను చెప్పనక్కరలేదు.

తమ విధేయురాలు (పద్ధతి గనుక రాశాను),
సుమతి.

సాక్షి: హనుమమ్మ, వేలిముద్ర. కుడి చేయి లేవనందున ఎడమ చేతిది వేయడమైనది.

తాజా కలం: ఈ అర్జీని సాఫు రాస్తుండగానే బజారి ఫోన్ చేశాడు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"ఏమక్కా, ఈ రోజన్నా కడతావా లేదా? ఏం చేస్తాండావు?"

"అర్జీ రాస్తాండాను. సబ్ కలెక్టర్‌కు. నీ పేరు రాసినా, ఇంటిపేరు సెప్పు."

"నా పేరెందుకు రాస్తివక్కా? నాది ఉత్త నౌకరీ. ఊరికే కంపెనీ పేరు రాసుకో."

"కంపెనీకి కాళ్ళు లేవప్పా. మా మగ్గంలో దిగినవి నీ కాళ్ళే."

"అక్కా, ఆ దినం ఏదో ఆత్రంలో..."

"ఆ ఆత్రం మాట నాకొద్దు. వీధిలోకి వచ్చి సెప్పు. వచ్చేటప్పుడు చెప్పులు వాకిట్లో విడువు. కాళ్ళు కడుక్కోను నీళ్ళు పెడతాము, తాగను గూడా ఇస్తాము. నువ్వు రాలేదంటే ఈ కాగితం వస్తాది."

అతను పెట్టేశాడు. వస్తాడో రాడో తెలియదు. నేను మాత్రం ఆదోనికి వస్తున్నాను.

ఫోన్ పక్కన పెట్టి చూస్తే మగ్గం చప్పుడు లేదు. నా భర్త నాడె చేత్తో పట్టుకొని ఇదంతా వింటున్నారు.

"ఏమంటాడు?" అన్నారు.

"ఏమన్నా అననీ. ఆ దొంగనేత చాలు. ఎప్పటి మాదిరి నేయప్పా" అన్నాను.

ఈ చివరి ముక్క రాస్తుండగా చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి మామూలుగానే ఆడుతోంది. ఉన్న పడుగు ఇక ఎక్కువ రోజులు రాదు. తమరు ఆ లెక్కన చూసుకోవలసింది.